మిరాశీ పోయిన తరువాత పాట: దర్శనం మొగులయ్య, గోరటి వెంకన్నల జీవితగానం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాటే బతుకుతెరువైనవారిని వృత్తి కళాకారులనీ, బతుకుతెరువు వేరే ఉండి ఇష్టంకొద్దీ పాడేవారిని ఔత్సాహికులనీ పిలవడం పరిశోధనలో అలవాటు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు గానచరిత్రకు ఈ విభజన ఎంతవరకు సరిపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్య, కవి గాయకుడు గోరటి వెంకన్నల జీవితాలు ఇందుకు ఆధారం. ఆశ్రిత కులాల మిరాశీ వ్యవస్థ సడలిపోయాక పాట ఎవరి బలంమీద నిలిచిందన్నది ఇందులోని ముఖ్యచర్చ.

కీలక పదాలు: పాలమూరు, సంస్థానాలు, డక్కలి, కిన్నెర, మిరాశీ, ఔత్సాహిక గానం, పండుగ సాయన్న.

1. ప్రవేశిక:

2021 డిసెంబరు చివర కేంద్ర సాహిత్య అకాడమీ ఆ సంవత్సరపు తెలుగు పురస్కారాన్ని గోరటి వెంకన్న 'వల్లంకి తాళం' గ్రంథానికి ప్రకటించింది. నెల తిరగకముందే, 2022 జనవరి 25న వెలువడిన పద్మ పురస్కారాల జాబితాలో కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య పేరు పద్మశ్రీకి వచ్చింది. వెంకన్నది తెలకపల్లి మండలం గౌరారం. మొగులయ్యది లింగాల మండలం అవుసలికుంట. రెండూ నాగర్‌కర్నూలు జిల్లా గ్రామాలే. ఒకే జిల్లాకు చెందిన ఇద్దరు గాయకులకు ఒకే చలికాలంలో రెండు జాతీయ గౌరవాలు దక్కాయి. పత్రికలు ఈ రెంటినీ వేరువేరు వార్తలుగానే చూశాయి. ఒకటి సాహిత్యపు పుటలోకి, మరొకటి జానపద కళల పుటలోకి వెళ్లింది. పుటలు వేరైనా ఇద్దరి చేతిలోనూ ఉన్నది పాటే.

వెంకన్న తెలుగులో ఎం.ఏ. చదివి సహకార శాఖలో ఉద్యోగం చేశారు. ఆయన ఇంటి ఖర్చు పాటమీద ఆధారపడలేదు. ఆ అర్థంలో ఆయన ఔత్సాహిక గాయకులు. మొగులయ్య డక్కలి కులంలో పుట్టి, తండ్రితాతల చేతినుంచి కిన్నెర అందుకున్నారు. ఆ కులానికి కిన్నెర వాయించడం ఇష్టాయిష్టాలతో సంబంధం లేని విధి. ఆ అర్థంలో ఆయన వృత్తి గాయకులు. లెక్క ఇంతవరకు తేటగానే ఉంది. అయితే వృత్తి గాయకుడికి వృత్తి అన్నం పెట్టడం మానేసిన తరువాత కూడా అతడు వాద్యాన్ని దించకపోతే ఏమనాలి? వృత్తి అనే మాటకు తిండి గింజల లెక్క తప్పదు. ఆ లెక్క తప్పిన నాటినుంచి మొగులయ్య కిన్నెరను పట్టుకొని ఉండటానికి ఇష్టం తప్ప మరో ఆధారం కనిపించదు. పరిశోధకుల పరిభాష ప్రకారం చూస్తే, ఉద్యోగి అయిన వెంకన్న కన్నా ఆయనే ఎక్కువ ఔత్సాహికులని చెప్పవలసి వస్తుంది. ఈ చిక్కుముడి ఇద్దరు వ్యక్తులకు సంబంధించినది మాత్రమే కాదు. దీని వేళ్లు ఆ ప్రాంతపు సాంస్కృతిక చరిత్రలో ఉన్నాయి.

2. సంస్థానాల పద్యం – కోట బయటి పాట:

2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడేవరకు ఈ భూభాగమంతా మహబూబ్‌నగర్ జిల్లా. అంతకు ముందు నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, గోపాలపేట, అమరచింత సంస్థానాలు ఇక్కడివే. వీటి సాహిత్యపోషణ తెలుగు పరిశోధకులకు కొత్త విషయం కాదు. గద్వాలకు 'విద్వద్గద్వాల' అనే ప్రశస్తి ఉంది. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు స్వయంగా 'చంద్రికాపరిణయం' రచించాడు. తిరుపతి వేంకటకవులు తమ అవధాన యాత్రల్లో ఈ సంస్థానాలను దర్శించారు. పండితులకు ఏటేటా వార్షికాలు ముట్టేవి. తూమాటి దొణప్ప 'ఆంధ్ర సంస్థానములు: సాహిత్యపోషణము' ఈ వైభవాన్ని వివరంగా నమోదు చేసింది.

ఈ చరిత్ర ప్రధానంగా పద్యచరిత్ర. పద్యం చెప్పినవాడికి శాలువా, వార్షికం, గ్రంథముద్రణ దొరికాయి. అదే కోటగోడకు ఆవల, అదే ప్రభువు ఏలుబడిలో, రాత్రంతా కథ పాడినవాడి పేరు ఏ దస్తావేజులోనూ చేరలేదు. ఇందుకు ప్రభువులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. సాహిత్యమంటే ఏమిటన్న అప్పటి నిర్వచనమే అలాంటిది. గద్వాల సమీపంలోని ఇటిక్యాలపాడు స్వగ్రామంగా గల సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించి, తెలంగాణలో కవులు లేరన్న మాటకు 354 మంది కవులతో సమాధానం చెప్పారు. ఆ ప్రతివాదం ఘనమైనదే. కాని ఆ వాదం నడిచింది కూడా పద్యకవిత్వపు కొలమానంతోనే. కథలు పాడే డక్కలివాడో, బైండ్లవాడో ఆ లెక్కలోకి రావడానికి వీలులేదు. అదే సురవరం 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసేటప్పుడు సామెతలు, ఆటలు, జనవ్యవహారాలకు చరిత్ర ఆధారాలుగా స్థానం కల్పించడం గమనించదగినది. 1955లో తెలుగుకు దక్కిన మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానిదే. ఆ తరువాత బిరుదురాజు రామరాజు జానపద గేయసాహిత్యంపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనతో పాట విశ్వవిద్యాలయపు గడప దాటింది.

గడప దాటినది పాట. పాడినవారు చాలావరకు 'సేకరణకు సహకరించినవారు'గానే మిగిలారు. జానపద విజ్ఞాన పరిశోధన వ్యక్తిగాయకుడి జీవితాన్ని ఒక అధ్యయనవస్తువుగా చూడటానికి ఇంకా చాలా కాలం పట్టింది.

3. డక్కలి మిరాశీ – కిన్నెర:

తెలుగునాట అనేక కులాలకు ఆశ్రిత కులాలున్నాయి. పోషక కులపు పుట్టుపూర్వోత్తరాలను పాడి వినిపించడం ఆశ్రితుల విధి. అందుకు ప్రతిఫలంగా నిర్ణీత గ్రామాల్లో త్యాగం పొందడం వారి హక్కు. ఈ హక్కే మిరాశీ. డక్కలివారు మాదిగల ఆశ్రితులు. జాంబపురాణం చెప్పడం వారి బాధ్యత. పోషకులే అంటరానితనం అనుభవించినవారు. వారికి కూడా డక్కలివారు కింది మెట్టున ఉన్నవారే. ఊరికి దూరంగా మాదిగవాడ ఉంటే, దానికి ఆవల డక్కలి గుడిసె. ఇలా రెండింతల వెలిలో నిలిచిన కులం చేతిలో ప్రాచీనమైన తంత్రీవాద్యం ఒకటి బతికి ఉండటం సంగీతచరిత్రకారులు ఆగి ఆలోచించవలసిన విషయం.

కిన్నెర ప్రాచీనతకు గ్రంథసాక్ష్యం బలంగానే ఉంది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన 'సంగీతరత్నాకరం' కిన్నరీ వీణను లఘ్వి, బృహతి అనే భేదాలతో వర్ణించింది. అదే శతాబ్దానికి చెందిన పాల్కురికి సోమనాథుడు 'బసవపురాణం'లో కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడు. కిన్నెర మీటి శివుణ్ణి కొలిచిన భక్తుడతడు. శాస్త్రగ్రంథంలో, భక్తికావ్యంలో చోటున్న వాద్యం తరువాతి కాలంలో ఆస్థాన సంగీతంనుంచి తప్పుకొంది. వీణ సభలో నిలిచింది. కిన్నెర డక్కలివారి భుజంమీదా, నల్లమల చెంచుల చేతుల్లోనూ మిగిలింది. జానపద వాద్యాలను శాస్త్రీయ వాద్యాలకు మొరటు రూపాలుగా చూసే అలవాటుకు కిన్నెర ఒక్కటే చాలినంత సమాధానం.

దాని నిర్మాణం అడవిమీద ఆధారపడినది. దండి వెదురు. నాదానికి ఎండిన సొరబుర్రలు. మెట్లు అలుగు పొలుసులతో చేసినవి. వాటిని దండికి అంటించేది తేనెమైనం. అలంకారానికి నెమలి ఈకలు, అద్దాలు, పూసలు. ఈ సామగ్రిలో చాలావరకు అంగడిలో కొనేది కాదు. కిన్నెర చేయడం తెలియని కిన్నెరగాడు ఉండడు. వాద్యకారుడే వాద్యనిర్మాత. కచేరి సంగీతంలో ఈ రెండు పనులు ఎప్పుడో విడిపోయాయి.

4. మొగులయ్య పన్నెండు మెట్లు:

ఏడు మెట్ల కిన్నెర ఎక్కువగా ప్రచారంలో ఉన్న రూపం. మొగులయ్యకు పేరు తెచ్చినది పన్నెండు మెట్ల కిన్నెర. పన్నెండు అనగానే శాస్త్ర సంగీతంలోని పన్నెండు స్వరస్థానాలను గుర్తుచేసుకోవాలనిపిస్తుంది. ఆ పోలిక ఆకర్షణీయమే గాని, కిన్నెర గౌరవానికి దాని అవసరం లేదు. కథాగానంలో వాద్యం గొంతును వెంటాడుతుంది. గొంతు ఆగినచోట వరుసను అందుకొని, కథకుడికి ఊపిరి తీసుకొనే వ్యవధి ఇస్తుంది. మెట్లు పెరగడమంటే ఈ సంభాషణకు చోటు పెరగడం. డక్కలి గాయకుడికి పక్కవాద్యాలు లేవు, వంతపాట దొరకడం కూడా ఎప్పుడూ జరగదు. ఒక్కడే కథకుడు, ఒక్కడే వాద్యకారుడు. ఆ ఒంటరితనంలో పన్నెండు మెట్లు ఒక చిన్న మేళం.

మొగులయ్య పాడిన కథల జాబితా ఆయన వాద్యంకన్నా ఆలోచింపజేసేది. కులపురాణం చెప్పడం మిరాశీ విధి. ఆయనకు ప్రజల్లో పేరు తెచ్చినవి మాత్రం పండుగ సాయన్న, మియాసాబ్, ఎండబెట్ల ఫకీరయ్యగౌడు వంటి స్థానిక వీరుల కథలు. వీటిలో పండుగ సాయన్న కథ ప్రత్యేక పరిశీలనకు తగినది. నిజాం పాలనలో పాలమూరు ప్రాంతంలో ఉన్నవారిని దోచి లేనివారికి పంచినవాడుగా సాయన్నను జనం తలచుకుంటారు. ఆనాటి అధికారానికి అతడు బందిపోటు. పాటకు అతడు పేదల దొర. కథ చివర అతడి చావు ఉంటుంది. పాడేవాడూ వినేవాడూ ఆ చావును అన్యాయంగానే భావిస్తారు. సర్కారు దృష్టిలో నేరస్థుడైనవాణ్ణి ఒక శతాబ్దానికి మించి జ్ఞాపకంలో నిలిపినది పుస్తకం కాదు, కథాగానం. ఆ గానాన్ని మోసినవారిలో అన్నిటికన్నా కింది మెట్టున ఉన్న కులం ఒకటి కావడం కాకతాళీయం కాదు.

ఇక్కడే మిరాశీకీ ఇష్టానికీ మధ్య గీత కనిపిస్తుంది. జాంబపురాణం వినిపించినందుకు త్యాగం అడిగే హక్కు డక్కలికి ఉంది. సాయన్న కథ విన్నందుకు ఎవరూ ఏమీ ఇవ్వవలసిన కట్టుబాటు లేదు. ఇస్తే దయ. హక్కుగా వచ్చేదానినుంచి దయగా వచ్చేదానివైపు నడక ఆర్థికంగా దిగజారుడే. కాని కళాపరంగా చూస్తే గాయకుడు తన కథను తాను ఎన్నుకొనే స్వేచ్ఛ అక్కడే మొదలైంది. పోషక కులం ముందు పాడినప్పుడు శ్రోత ఎవరో ముందే నిర్ణయమై ఉంది. సంతలో, జాతరలో, ఊరి రచ్చకట్ట దగ్గర పాడినప్పుడు శ్రోతను పాటే సంపాదించుకోవాలి. మొగులయ్య గొంతులోని పిలుపు, కథను సూటిగా నడిసంఘటనలో మొదలుపెట్టే నేర్పు ఆ బయటి వేదికలకు తగినవి. పరిశోధకులు వీటిని శైలి లక్షణాలుగా మాత్రమే వర్ణిస్తే సగం చెప్పినట్లు. వాటి వెనుక పూట గడవవలసిన అవసరం కూడా ఉంది.

మిరాశీ వ్యవస్థ సడలడానికి కారణాలు తెలిసినవే. పోషక కులపు యువతరం చదువులకు, పట్నాలకు వెళ్లింది. కులపురాణం వినిపించుకోవడం వారికి అవసరమనిపించలేదు, కొందరికి అవమానమనీ అనిపించింది. ఈ రెండో భావాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. కులవ్యవస్థ నుంచి బయటపడాలనుకునేవాడికి కులానికి కాపలా కాసే పాట భారమే. దానితోపాటు కరవు, వలస. దేశంలోని ఆనకట్టలు, కాలువల పనుల్లో 'పాలమూరు లేబర్' అనే మాట స్థిరపడినంతగా ఈ ప్రాంతపు జనం గుంపుమేస్త్రీల వెంట తరలిపోయారు. ఊళ్లో శ్రోతలే లేనప్పుడు రచ్చకట్ట ఎందుకు?

ఈ పరిస్థితిలో కిన్నెరను పరిశోధకులు, సంస్థలు గమనించడం మొదలైంది. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటివారు జానపద, ఆదివాసీ వాద్యాల సేకరణకు చేసిన కృషి ఇందులో ముఖ్యమైనది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో మొగులయ్య గురించి చేర్చారు. 2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' చిత్ర శీర్షికగీతం విడుదలైనప్పుడు, దాని ఆరంభంలో వినిపించిన గొంతు, కిన్నెర కోట్లమందికి చేరాయి. పాఠ్యపుస్తకం ఏళ్లలో చేయలేని పని ఒక సినిమా పాట రోజుల్లో చేసింది. ఆ సంవత్సరమే ఆర్టీసీ బస్సు మీద ఆయన కిన్నెరతో కట్టి పాడిన పాట ప్రచారంలోకి వచ్చింది, సంస్థ ఆయనను సత్కరించింది. శతాబ్దాల నాటి వాద్యంమీద బస్సు పాట ఏమిటని పెదవి విరిచేవారు ఉండవచ్చు. ఎదుట ఉన్నదాన్ని అప్పటికప్పుడు కథగా కట్టడమే కిన్నెరగాడి విద్య. గుర్రం ఎక్కిన సాయన్నను పాడిన గొంతుకు బస్సు పరాయిది కాదు.

5. గోరటి వెంకన్న – కొలువూ పాటా:

1963లో జన్మించిన గోరటి వెంకన్నకు పాట ఇంట్లోనే దొరికింది. తండ్రి నరసింహకు కళలపై ఆసక్తి. తల్లి ఈరమ్మ మంగళహారతులు పాడేది. పాలమూరు పల్లెల్లో ఔత్సాహిక గానానికి నిజమైన బడి భజనగుడి. పొద్దంతా పొలంలోనో కూలిలోనో గడిపినవారు రాత్రి తాళాలు, మద్దెల, హార్మోనియం చుట్టూ చేరతారు. పాడేందుకు డబ్బు ఇచ్చేవారు లేరు, పుచ్చుకొనేవారూ లేరు. తప్పు పాడితే నవ్వుతారు, బాగా పాడితే మరునాడూ పిలుస్తారు. యక్షగానం, చిరుతల భజన, కోలాటం కూడా ఇలాంటివే. మొగులయ్య వారసత్వం కులానిది. వెంకన్న వారసత్వం ఊరిది.

ఉద్యోగం వెంకన్నకు ఇచ్చినది జీతం మాత్రమే కాదు, పాట విషయంలో ఎవరి మొగమూ చూడనవసరంలేని నిలకడ కూడా. వాగు ఎండిపోవడం, సంత కళ తప్పడం, కులవృత్తులు కూలడం, పట్నపు గల్లీలోని బీదల బతుకు ఆయన పాటలకు వస్తువులు. 'కుబుసం' చిత్రంలో చేరిన పల్లె పాట, గ్రామీణ వృత్తుల పతనాన్ని ప్రపంచీకరణతో ముడిపెట్టి చూపిన గీతంగా తెలుగువారందరికీ పరిచితమైంది. తెలంగాణ ఉద్యమ వేదికల మీద ఆయన కాలికి గజ్జె, చేతి సైగ, మధ్యమధ్య మాట, అన్నీ కలిసి పాట ఒక ప్రదర్శనగా మారింది. కాగితం మీద చదివినప్పుడు ఆయన పాటల్లో కొన్ని పలచగా అనిపించడం నిజం. వినిపించినప్పుడు అలా అనిపించదు. పురస్కారం అచ్చయిన గ్రంథానికి దక్కింది, కాని ఆ గ్రంథానికి పాఠకులను తెచ్చినది గొంతు.

ఆయన గ్రంథాల పేర్లలో ఒకటి ఈ చర్చకు మరీ దగ్గరిది. 'ఏకునాదం మోత'. ఏకనాదం ఒంటితీగ వాద్యం, ఇంటింటా తత్త్వాలు పాడే భిక్షుక గాయకుడి తోడు. నెలజీతం అందుకొనే చదువుకున్న కవి తన పుస్తకానికి యాచక గాయకుడి వాద్యం పేరు పెట్టుకున్నాడు. ఇది అలంకారం కోసం చేసిన పని కాదు. తన పాటకు వరుసలు ఎవరినుంచి వచ్చాయో ఒప్పుకోవడం. బైరాగులు, బుడిగెజంగాలు, డక్కలివారు మిరాశీగానో భిక్షగానో మోసుకువచ్చిన బాణీలు ఆ వ్యవస్థ చెదిరాక ఔత్సాహికుల గొంతులోకి మారాయి. తెలంగాణ ఉద్యమగీతాల వరుసలను పరిశీలిస్తే ఈ బదిలీ ఎంత విస్తృతంగా జరిగిందో తెలుస్తుంది. అయితే బదిలీలో వరుస వచ్చింది, వాద్యం రాలేదు. గజ్జె, డప్పు వేదిక ఎక్కాయి. కిన్నెర ఎక్కలేదు. కిన్నెరకు నేర్పు మాత్రమే కాక, చేసుకొనే చెయ్యి కావాలి. ఆ చెయ్యి డక్కలి ఇంటిలోనే ఉంది.

2020 నవంబరులో వెంకన్న గవర్నరు కోటాలో శాసనమండలి సభ్యులయ్యారు. సంస్థానం రోజుల్లో కోట బయట నిలిచిన పాట చట్టసభలోకి వెళ్లింది.

6. పురస్కారం తరువాత:

మొగులయ్య విషయంలో ఆ నడక ఇంత సాఫీగా లేదు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆయనకు కోటి రూపాయల సహాయం, హైదరాబాదులో ఇంటిస్థలం ప్రకటించింది. మార్చిలో రాష్ట్రపతి చేతులమీదుగా పద్మశ్రీ అందుకున్నారు. రెండేళ్లు దాటాక, 2024 మే నెలలో, హైదరాబాదు శివారు తుర్కయంజాల్ వద్ద ఆయన భవననిర్మాణ కూలిగా పనిచేస్తున్న దృశ్యాలు వార్తలకెక్కాయి. పద్మశ్రీ గ్రహీత కూలిపని చేయడం దేశానికి ఆశ్చర్యం కలిగించింది. పాలమూరు చరిత్ర తెలిసినవారికి అందులో ఆశ్చర్యం తక్కువ, దుఃఖం ఎక్కువ. చర్చ అంతా డబ్బు ఎవరిచ్చారు, ఎంత ఇచ్చారు, ఎలా ఖర్చయింది అన్నదాని చుట్టూ తిరిగింది. ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం మిరాశీకి ప్రత్యామ్నాయం కాగలదా అన్న ప్రశ్న రాలేదు. మిరాశీ ఎంత అన్యాయమైన వ్యవస్థలో భాగమైనా, ఏటేటా వచ్చేది. దానికి ప్రతిగా ఏటేటా పాట వినేవారు కూడా ఉండేవారు. బహుమతికి శ్రోతలు ఉండరు, ప్రేక్షకులు ఉంటారు. సంస్థానపు వార్షికానికి ఉన్న గుణం కూడా ఈ నిలకడే. పద్యానికి అది దొరికింది, కిన్నెరకు దొరకలేదు.

వాద్యం భవిష్యత్తుకు సంబంధించి మరో చిక్కు అడవిలో ఉంది. లింగాల మండలం నల్లమల అంచున ఉన్నది. ఆ అడవిలో అధికభాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అత్యున్నత రక్షణ పొందిన జంతువు. దాని పొలుసును కిన్నెర మెట్టుగా వాడటం ఇక సాధ్యం కాదు, కావాలనుకోవడమూ తగదు. అక్రమ రవాణాతో అంతరించిపోతున్న ప్రాణి అది. కాబట్టి కిన్నెరను నిలబెట్టడమంటే పాతదాన్ని యథాతథంగా కాపాడటం కాదు, మెట్టుకు కొత్త పదార్థం వెతకడం. కొమ్ము, కర్ర, లోహం, ఏది పెట్టినా నాదం మారుతుంది. ఎంత మారితే అది ఇంకా కిన్నెరే అన్న తీర్పు చెప్పగలిగినది ప్రయోగశాల కాదు, చిన్ననాటినుంచి ఆ నాదం విన్న చెవి. ఏడు మెట్ల సంప్రదాయంలో పుట్టి పన్నెండు మెట్లకు అలవాటుపడిన చెవికి మార్పు కొత్త కాదు. తుర్కయంజాల్ వార్త వెలువడిన రోజుల్లో అడగవలసిన ప్రశ్నల్లో ఇది కూడా ఒకటి. ఇసుక మోస్తున్న ఆ చేతులకు సొరబుర్రను ఎండబెట్టడం, తేనెమైనాన్ని వేడిచేసి మెట్టు నిలపడం, తీగను బిగించి గొంతుకు సరిచూడటం తెలుసు. ఆ పనిని పక్కన కూర్చొని నేర్చుకొనేవారికి కూలిరోజుకు సమానమైన భత్యం ఇస్తే ఏడాదికి ఎన్ని కిన్నెరలు తయారవుతాయో, వాటిని ఎందరు మోస్తారో, ఇంతవరకు ఏ పథకమూ లెక్కకట్టి చూడలేదు.